బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి ఇన్‌ఫ్యూజన్ లెక్కల పాఠం: లెసన్ ప్లాన్, 20 ఎంసీక్యూలు, ఒక ఓస్కీ స్టేషన్. తప్పులు చూపించండి

బ్రాడీపేట 4/14

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ ఫస్టియర్, మెడికల్ సర్జికల్. నర్సింగ్ ఎడ్యుకేషన్ పేపర్ కింద ప్రాక్టీస్ టీచింగ్‌కి నాకొచ్చిన టాపిక్ "హై అలర్ట్ మందుల ఇన్‌ఫ్యూజన్ రేటు లెక్కించడం". అంటే పొరపాటైతే పేషెంట్‌కి తీవ్ర హాని చేసే మందుల్ని నరంలోకి ఎంత వేగంతో ఎక్కించాలో లెక్కకట్టడం. క్లాసు బీఎస్సీ నాలుగో సెమిస్టర్, 58 మంది, 45 నిమిషాలు. మూడో సెమిస్టర్‌లో వాళ్లకి ఫార్మకాలజీ-1 అయిపోయింది, ఇప్పుడు ఫార్మకాలజీ-2 నడుస్తోంది. పాఠం అయ్యాక 20 ఎంసీక్యూల టెస్టు పెట్టి ఐటమ్ ఎనాలిసిస్ (ఒక్కో ప్రశ్న ఎంత బాగా పనిచేసిందో లెక్కగట్టడం) చేయాలి. దాంతోపాటు 5 నిమిషాల ఓస్కీ (అందరిచేత ఒకే పని చేయించి, ఒకే చెక్‌లిస్టుతో మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్ష) స్టేషన్ ఒకటి తయారుచేయాలి.

నా ప్లాన్ ఇదీ. మొదటి 15 నిమిషాలు పీపీటీలో ఫార్ములాలు: చుక్కలు, పంపు రేటు, యూనిట్ల మార్పిడి. తర్వాత 20 నిమిషాలు బోర్డు మీద ఐదు లెక్కలు. చివరి 10 నిమిషాలు డౌట్లు.

లక్ష్యాలు: "విద్యార్థినులు ఇన్‌ఫ్యూజన్ లెక్కలను అర్థం చేసుకుంటారు. హై అలర్ట్ మందుల ప్రాముఖ్యతను తెలుసుకుంటారు."

మొదటి లెక్క: "60 కిలోల పేషెంట్‌కి డోపమిన్, కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు ఆర్డర్. 200 మి.గ్రా. మందు 50 మి.లీ.లో ఉంది. గంటకు ఎన్ని మి.లీ.?" జవాబు 4.5.

గైడ్ మేడమ్ చూసి "లెక్కల క్లాసులా ఉంది, నర్సింగ్ క్లాసులా లేదు" అని మార్జిన్‌లో ఒక్క ముక్క రాసి ఇచ్చేశారు. ఎక్కడ మార్చాలో అర్థం కావట్లేదు. ఐటమ్ ఎనాలిసిస్ కూడా ఎవరైనా అంకెలతో సహా చెప్తే మేలు.

---

సూర్యారావుపేట టీచర్

మీ గైడ్ మేడమ్ మాటలో నిజం ఉందమ్మా. ఈ లెక్కల్లో పిల్లలు గుణకారం దగ్గర తప్పేది తక్కువ. యాంప్యూల్ మీద రాసింది చదివే దగ్గర తప్పుతారు. ఫార్ములాలో పైన డోసు, బరువు, 60 వేయాలని గడగడా చెప్పేస్తారు. కింద వేయాల్సిన "ఒక మి.లీ.లో ఎంత మందు ఉంది" అన్న అంకె ఎక్కడి నుంచి తేవాలో అడగండి, అక్కడ నీళ్లు నములుతారు. మీరేమో "200 మి.గ్రా. 50 మి.లీ.లో ఉంది" అని ఆ అంకెని ప్రశ్నలోనే పెట్టేశారు. నర్సు చేయాల్సిన పనంతా ఆ వాక్యంలోనే అయిపోయింది. పిల్లలకి మిగిలింది కాలిక్యులేటర్ నొక్కడమే.

ముందు లక్ష్యాలు సరిచేయండి. "అర్థం చేసుకుంటారు", "తెలుసుకుంటారు" అన్నవి కంటికి కనిపించే పనులు కావు, వాటికి మార్కులు వేయలేం. లక్ష్యంలో మూడు ఉండాలి: చేసే పని, ఏ పరిస్థితిలో, ఎంత సరిగా. ఉదాహరణకి:

"యాంప్యూల్ లేబుల్, పేషెంట్ బరువు, డాక్టర్ ఆర్డర్ ఇస్తే, కాలిక్యులేటర్ లేకుండా 4 నిమిషాల్లో, గంటకు ఎన్ని మి.లీ. వెళ్లాలో మొదటి దశాంశ స్థానం వరకు తప్పు లేకుండా లెక్కిస్తారు."

ఇలాంటివి నాలుగు చాలు. లేబుల్ నుంచి గాఢత చెప్పడం, రేటు లెక్కించడం, వచ్చిన జవాబు నమ్మదగ్గదో కాదో సరిచూడటం, సిరంజికి లేబుల్ రాయడం. బ్లూమ్ వర్గీకరణలో (గుర్తుంచుకోవడం నుంచి పైకి వెళ్లే నేర్చుకునే స్థాయిల వరసలో) మూడోది విశ్లేషణ దాకా వెళ్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి ఎగ్జామినర్) అక్కడే పట్టుకుంటారు కాబట్టి ఆ లక్ష్యం ఎదురుగా స్థాయి కూడా రాసుకోండి.

45 నిమిషాలు ఇలా పంచి చూడండి.

మొదటి 5: రెండు ఇన్సులిన్ సిరంజిలు, ఎర్ర మూతది ఒకటి, నారింజ మూతది ఒకటి, పైకెత్తి చూపించి "రెండిట్లోనూ 20 గీత దాకా తీస్తే ఒకే డోసేనా?" అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు, బోర్డు మూల చేతులెత్తిన వాళ్ల లెక్క రాసి వదిలేయండి.
తర్వాత 10: మూడు లేబుళ్లు. డోపమిన్, పొటాషియం క్లోరైడ్, హెపారిన్. ఒక్కో బెంచీకి ఒక్కో కాగితం.
తర్వాత 12: డోపమిన్ లెక్క మీరు బోర్డు మీద చేయాలి, నోర్‌అడ్రినలిన్ లెక్క ఒక అమ్మాయి వచ్చి చేయాలి.
తర్వాత 10: జంటలుగా పొటాషియం లెక్క. ఒకరి జవాబు ఒకరు చూడకుండా చేసి, ఆ తర్వాత పోల్చుకోవాలి. వార్డులో ఇద్దరు నర్సుల సరిచూపు అంటే అదే. ఒకరు చేసింది ఇంకొకరు తలూపడం సరిచూపు కాదు.
చివరి 8: సిరంజిల ప్రశ్నకి తిరిగొచ్చి మూడు నోటి ప్రశ్నలు, ముగింపు, ఇంటి పని.

ఫార్ములాలకి పీపీటీ వద్దు, బోర్డే మేలు. స్లైడ్‌లో లెక్క ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. బోర్డు మీద అయితే ఒక్కో మెట్టూ కళ్లముందు కడుతుంది, ఎక్కడ తడబడ్డారో వెనక్కి వెళ్లి చూపించొచ్చు. పీపీటీని లేబుళ్లు పెద్దగా చూపించడానికి వాడండి.

లేబుళ్ల కోసం వార్డులో వాడేసిన యాంప్యూల్స్ ఏరుకు రావొద్దు. పగిలిన గాజు బయోమెడికల్ వేస్ట్ కింద నీలం గుర్తు డబ్బాలోకి పోవాల్సిందే. పగలగొట్టక ముందే ఫోన్‌తో ఫొటో తీసి, ఏ4 సైజులో ప్రింటు తీసి లామినేషన్ చేయించండి. సిరంజిలు కొత్తపేటలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి.

ఇంకొకటి, మీ డోపమిన్ లెక్కలో 60 కిలోలు తీసేయండి. బరువు 60, గంటకి నిమిషాలూ 60. ఒక పిల్ల బరువు మర్చిపోయినా, నిమిషాల్ని గంటలు చేయడం మర్చిపోయినా ఒకే తప్పు జవాబు 0.075 వస్తుంది. ఏది మర్చిపోయిందో మీకు తెలియదు. 50 కిలోలు కూడా వద్దు, సిరంజి 50 మి.లీ.తో కలిసిపోతుంది. 52 పెట్టండి. 5 × 52 × 60 = 15,600 మైక్రోగ్రాములు. 200 మి.గ్రా. 50 మి.లీ.లో అంటే మి.లీ.కి 4,000. జవాబు 3.9.

---

మాత్రల డబ్బా

ఫార్మసీ వైపు నుంచి నాలుగు మాటలు. టీచర్ గారు చెప్పిన మూడు లేబుళ్లలో ఏముందో విడివిడిగా చెప్తాను, క్లాసులో అవే చెప్పించాలి.

డోపమిన్: 5 మి.లీ. యాంప్యూల్, మి.లీ.కి 40 మి.గ్రా., మొత్తం 200. పిల్లలు "40 మి.గ్రా." అన్న అంకె చూసి యాంప్యూల్ మొత్తం 40 అనుకోవడం ఒక తప్పు. కలిపిన తర్వాత కూడా ఆ 40నే వాడి లెక్క కట్టడం రెండో తప్పు.

పొటాషియం క్లోరైడ్: 10 మి.లీ. యాంప్యూల్, మి.లీ.కి 150 మి.గ్రా. అంటే మొత్తం 1,500 మి.గ్రా. పొటాషియం క్లోరైడ్ అణుభారం 74.5. 1,500ని 74.5తో భాగిస్తే సుమారు 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం లాంటి లవణాల్ని కొలిచే యూనిట్), అంటే మి.లీ.కి 2. ఈ భాగహారం ఒక్కసారి బోర్డు మీద చేసి చూపిస్తే "20 ఎక్కడిదండీ" అన్న ప్రశ్న మళ్లీ రాదు. చేతి నరంలో మామూలుగా పాటించే హద్దు గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు, లీటరుకి 40. ఒక యాంప్యూల్‌ని 500 మి.లీ. సెలైన్‌లో కలిపితే లీటరుకి 40 అవుతుంది, 2 గంటలు నడవాలి, గంటకి 250 మి.లీ. పంపు లేకపోతే మి.లీ.కి 20 చుక్కల సెట్టులో నిమిషానికి 83 చుక్కలు.

ఇక్కడ లెక్కకి అందని ప్రమాదం ఒకటుంది, అది మాత్రం తప్పకుండా చెప్పండి. స్టాండుకి వేలాడుతున్న సీసాలోకే సిరంజితో పొటాషియం ఎక్కిస్తే మందు సెలైన్ కంటే బరువు కాబట్టి అడుగుకి, అంటే సరిగ్గా డ్రిప్ సెట్ గుచ్చిన మూతి దగ్గరికి చేరుతుంది. మొదటి కొన్ని నిమిషాలు పేషెంట్‌కి వెళ్లేది దాదాపు చిక్కటి పొటాషియమే. కాగితం మీద లెక్క నూటికి నూరు సరిగ్గా ఉన్నా గుండె ఆగొచ్చు. సీసా కిందికి దించి, మందు కలిపి, నాలుగైదుసార్లు తలకిందులు చేసి, అప్పుడు వేలాడదీయాలి. నడుస్తున్న సీసాలో కలపకూడదు. సిరంజితో నేరుగా నరంలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు. రంగు నీళ్లతో చూపిస్తే బాగా ఎక్కుతుంది: ఉప్పు బాగా కలిపిన రంగు నీళ్లని నిలకడగా ఉన్న మంచినీళ్ల సీసాలోకి నెమ్మదిగా వదలండి, అడుగున పేరుకుంటుంది.

హెపారిన్: 5 మి.లీ. వయల్ రెండు బలాల్లో వస్తుంది, మి.లీ.కి 1,000 యూనిట్లు ఒకటి, 5,000 ఒకటి. వయల్ సైజు ఒకటే. 25,000 యూనిట్ల ఇన్‌ఫ్యూజన్‌కి ఒక వయల్ చాలా, ఐదు కావాలా అన్నది లేబుల్ చూస్తేనే తెలుస్తుంది.

నోర్‌అడ్రినలిన్ లెక్క ఇస్తే "4 మి.గ్రా." అని వదిలేయొద్దు. లేబుల్ మీద ఉప్పు రూపంలో బైటార్ట్రేట్ ఎంత, అసలు నోర్‌అడ్రినలిన్ ఎంత అని రెండు అంకెలు ఉండొచ్చు. బైటార్ట్రేట్ 2 మి.గ్రా. అంటే అసలు మందు 1 మి.గ్రా. మాత్రమే. బైటార్ట్రేట్ 4 మి.గ్రా. చూసి నోర్‌అడ్రినలిన్ 4 మి.గ్రా. అనుకుంటే పేషెంట్‌కి వెళ్లేది సగమే. ప్రశ్నలో "నోర్‌అడ్రినలిన్ బేస్ 4 మి.గ్రా., 50 మి.లీ.లో" అని స్పష్టంగా రాయండి, మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. డోసు కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము మాత్రం పెట్టొద్దు. 52 కిలోలకి అదీ 3.9యే వస్తుంది, డోపమిన్ జవాబు చూసి దించేస్తారు. 0.15 పెట్టండి: 0.15 × 52 × 60 = 468, 80తో భాగిస్తే 5.85.

ఇన్సులిన్ సిరంజిల జవాబు: మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల వయల్ రెండూ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత. 100 వయల్‌లోంచి 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే అది అర మి.లీ., అంటే 50 యూనిట్లు. తిరగేసి 40 వయల్‌లోంచి 100 సిరంజితో 20 గీత దాకా తీస్తే 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లు. రెండు వైపులా రెండున్నర రెట్ల తేడా.

క్లాసు మరీ లెక్కల్లా ఉండకూడదంటే ఈ ఒక్క ఫార్మకాలజీ వాక్యం కలపండి: బీపీ నిలబెట్టే మందులైన నోర్‌అడ్రినలిన్, డోపమిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే రేటు పెంచితే పది నిమిషాల్లో ఫలితం కనిపిస్తుంది, సిరంజి అయిపోయి రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే బీపీ పడిపోతుంది. రేటు లెక్కించడం నేర్చుకున్న పిల్లకి "ఈ సిరంజి ఎన్ని గంటలకి అయిపోతుంది" అన్న లెక్క కూడా రావాలి. 50ని 3.9తో భాగిస్తే 12.8, అంటే సుమారు 12 గంటల 50 నిమిషాలు.

---

ఐసీయూ నైట్

పై రెండు పోస్టులూ బాగున్నాయి. ప్రాక్టికల్ వైపు కలపాల్సినవి ఉన్నాయి.

50 మి.లీ. సిరంజిలో ముందు 45 మి.లీ. సెలైన్, తర్వాత 5 మి.లీ. డోపమిన్. "50 మి.లీ.లో కలపండి" అంటే కొత్త పిల్లలు 50 సెలైన్ తీసి దాని మీద 5 మందు వేస్తారు. మొత్తం 55 అయి మి.లీ.కి 4,000 బదులు 3,636 ఉంటుంది. తొమ్మిది శాతం పలచన. అదే 500 మి.లీ. సీసాలో 10 మి.లీ. పొటాషియం కలిపినప్పుడు తేడా రెండు శాతమే, దాన్ని వార్డులో లెక్కలోకి తీసుకోరు. సిరంజిలో ఎందుకు తీసుకోవాలి, సీసాలో ఎందుకు అక్కర్లేదు అని అడగండి, మంచి చర్చ అవుతుంది.

సిరంజి లేబుల్‌లో మందు పేరు పూర్తిగా, మొత్తం ఎంత మందు, ఎంత మి.లీ.లో, మి.లీ.కి ఎంత, కలిపిన తేదీ, టైము, సంతకం ఉండాలి. లేబుల్ అంటించేటప్పుడు గీతల మీద అంటించొద్దు, ఎంత మిగిలిందో కనపడదు. అంకెలు రాసే పద్ధతి కూడా అక్కడే చెప్పండి. 5 అని రాయాలి, 5.0 అని రాస్తే చుక్క చెరిగి 50 అవుతుంది. 0.5 అని రాయాలి, ముందు సున్నా లేకపోతే 5 అవుతుంది. యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయాలి. ఇంగ్లీషు యు ఒక్క అక్షరం రాస్తే సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది.

"మూడు రెట్ల బరువు" చిట్కా ఎవరో ఒకరు క్లాసులో లేవదీస్తారు, సిద్ధంగా ఉండండి. బరువుని 3తో గుణించి అన్ని మి.గ్రా. 50 మి.లీ.లో కలిపితే, గంటకి 1 మి.లీ. అంటే కిలోకి నిమిషానికి 1 మైక్రోగ్రాము. లెక్క నిజమే. 52 కిలోలకి 156 మి.గ్రా., అంటే డోపమిన్ 3.9 మి.లీ. కానీ యాంప్యూల్‌లో కొంత మిగిలిపోతుంది, ప్రతి బెడ్‌కీ గాఢత వేరవుతుంది. పక్క బెడ్ సిరంజి పొరపాటున ఇక్కడ పెడితే పట్టుకునేవాళ్లుండరు. ఒక యూనిట్‌లో ఒక మందుకి ఒకే గాఢత ఉండాలి. చిట్కాని జవాబు సరిచూసుకోవడానికి చెప్పండి, కలపడానికి వద్దు.

టీచర్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. ఫార్ములా పద్ధతి కంటే యూనిట్లు కొట్టేసుకుంటూ పోయే పద్ధతి మేలు. మైక్రోగ్రాము పక్కన మైక్రోగ్రాము, నిమిషం పక్కన నిమిషం రాసి కొట్టేస్తే చివరికి "మి.లీ., గంట" మాత్రమే మిగలాలి. వేరే ఏదైనా మిగిలిందంటే ఎక్కడో మెట్టు జారినట్టే. ఫార్ములా బట్టీ పట్టిన పిల్ల మి.గ్రా.ని మైక్రోగ్రాములు చేయడం మర్చిపోతే ఫార్ములా ఆమెని హెచ్చరించదు.

---

సూర్యారావుపేట టీచర్

@ఐసీయూ నైట్, పద్ధతి మీదే మంచిది, ఒప్పుకుంటాను. కానీ 45 నిమిషాల్లో 58 మందికి కొత్త పద్ధతి నేర్పి, దాని మీదే అభ్యాసం చేయించడం కుదరదు. వాళ్లకి ఇదివరకు ఏది నేర్పారో ముందు కనుక్కుని దాంతోనే వెళ్లాలి. ఫార్ములా వాడినా ప్రతి అంకె పక్కన యూనిట్ రాయించండి, మీరు చెప్పిన లాభంలో చాలా భాగం అక్కడే వచ్చేస్తుంది.

---

మార్కుల లెక్క

టెస్టు, ఓస్కీ సంగతి నేను చెప్తాను.

20 ప్రశ్నలు రాయకముందే బ్లూ ప్రింట్ (ఏ అంశానికి, ఏ స్థాయికి ఎన్ని ప్రశ్నలో చూపే పట్టిక) గీయండి. లేబుల్ చదవడం 5, యూనిట్ల మార్పిడి 3, పంపు రేటు 6, చుక్కలు 3, భద్రత 3. స్థాయి ప్రకారం గుర్తుంచుకోవడం 3, అర్థం చేసుకోవడం 4, అన్వయం 10, విశ్లేషణ 3. రెండు పక్కలా కూడితే 20 రావాలి. ప్రశ్నలు ముందు రాసి తర్వాత బ్లూ ప్రింట్‌లో సర్దితే ఎక్స్‌టర్నల్‌కి చూడగానే తెలిసిపోతుంది, అన్నీ గుర్తుంచుకునే ప్రశ్నలే ఉంటాయి.

తప్పు ఆప్షన్లు గాలిలోంచి తేకండి, పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచి తీయండి. డోపమిన్ లెక్కకి సరైన జవాబు 3.9. కలిపిన గాఢత బదులు యాంప్యూల్ గాఢత 40 వాడితే 0.39. దశాంశం జారితే 39. మొత్తం 55 మి.లీ. అయితే 4.3. ఈ నాలుగూ ఆప్షన్లు. ఎవరు ఏది ఎంచారో చూస్తే ఏ తప్పు చేశారో అదే చెప్తుంది. వందలో ఐదుగురు కూడా ఎంచని ఆప్షన్ ఉన్నా లేనట్టే, మార్చేయండి.

ఐటమ్ ఎనాలిసిస్: పేపర్లన్నీ మొత్తం మార్కుల ప్రకారం పై నుంచి కిందికి పేర్చండి. పై 27 శాతం, కింది 27 శాతం తీయండి. 58లో 27 శాతం 15.66, అంటే 16 మంది చొప్పున. మధ్యలో ఉన్న 26 మందిని పక్కన పెట్టండి.

7వ ప్రశ్నకి పై గుంపులో 13 మంది, కింది గుంపులో 5 మంది సరిగ్గా రాశారనుకుందాం. కఠినత్వ సూచి: 13 + 5 = 18, 32తో భాగించి 100తో గుణిస్తే 56. విచక్షణ సూచి (బాగా చదివేవాళ్లని, చదవనివాళ్లని ప్రశ్న ఎంత విడదీస్తుందో): 13 − 5 = 8, 16తో భాగిస్తే 0.5. కఠినత్వం 30 నుంచి 70 మధ్య ఉంటే మంచిది. పేరులో కఠినత్వం ఉన్నా అంకె పెద్దదైతే ప్రశ్న సులువని అర్థం, వైవాలో ఇక్కడే తిరగేస్తారు. విచక్షణ 0.2 దాటితే ప్రశ్న ఉంచుకోవచ్చు, 0.4 దాటితే చాలా మంచిది.

ఇంకో ప్రశ్న చూడండి: "500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో వెళ్లాలి. నిమిషానికి ఎన్ని చుక్కలు?" కీ (సరైన జవాబు) 42. ఆప్షన్లలో 125 కూడా ఉంది. పై గుంపులో 4, కింది గుంపులో 9 సరి అయితే విచక్షణ మైనస్ 0.31. బాగా చదివేవాళ్లు తప్పు, చదవనివాళ్లు ఒప్పు అన్నమాట. మైనస్ వస్తే ముందు కీ చూడండి, తర్వాత ప్రశ్న చూడండి, పిల్లల్ని అప్పుడే అనుమానించకండి. ఇక్కడ తప్పు ప్రశ్నదే. ఏ సెట్టో చెప్పలేదు. మి.లీ.కి 20 చుక్కల సెట్టయితే 42, 60 చుక్కల మైక్రో సెట్టయితే 125. మైక్రో సెట్టులో నిమిషానికి చుక్కలు, గంటకి మి.లీ. ఒకే అంకె అని తెలిసిన పిల్లే 125 పెడుతుంది. ఆమెకి తెలిసిందే ఆమెకి మార్కు పోగొట్టింది. "మి.లీ.కి 20 చుక్కల సెట్టు" అని కలిపితే సరిపోతుంది.

ఓస్కీ: 1975లో హార్డెన్ బృందం డండీ నుంచి రాసినప్పటి నుంచీ అసలు సూత్రం అదే, అందరికీ ఒకే పని, ఒకే చెక్‌లిస్టు. మీ చిక్కు టైము. ఒకరికి 5 నిమిషాలు, మారడానికి 1. ఒకే స్టేషన్‌లో 58 మంది అంటే 348 నిమిషాలు, ఆరు గంటలకి పన్నెండు నిమిషాలే తక్కువ. అదే స్టేషన్ మూడు టేబుళ్ల మీద పెడితే 20 రౌండ్లు, 2 గంటలు. ముగ్గురు ఎగ్జామినర్లు కావాలి. మొదలుపెట్టే ముందు ముగ్గురూ ఒకే విద్యార్థిని చూసి మార్కులు వేసి పోల్చుకోవాలి. లేకపోతే ఒక టేబుల్ దగ్గర 18, ఇంకో టేబుల్ దగ్గర 12 పడతాయి.

చెక్‌లిస్టు 20 మార్కులకి: ఆర్డర్‌ని లేబుల్‌తో పోల్చడం, ఎక్స్‌పైరీ చూడటం 3, గాఢత పైకి చెప్పడం 3, రేటు లెక్క కాగితం మీద 4, 45 + 5 కలపడం, తలకిందులు చేయడం 3, లేబుల్ 4, పంపులో అంకె కొట్టి పైకి చదవడం 3. పంపులో తప్పు రేటు కొట్టి స్టార్ట్ నొక్కితే మొత్తం మార్కులు ఎన్నొచ్చినా ఫెయిల్ అని పైనే రాయండి. "చేతులు కడుక్కుంది, నవ్వుతూ పలకరించింది" లాంటివి పేర్చి 20 నింపకండి, ఆ మార్కులతోనే తప్పు రేటు కొట్టిన పిల్ల పాసైపోతుంది.

---

బ్రాడీపేట 4/14

టీచర్ గారూ, సార్, అందరికీ చాలా థాంక్స్. 60 కిలోల సంగతి అసలు తట్టలేదు. మార్చిన ఓస్కీ ఆర్డర్ ఇది: "52 కిలోల పేషెంట్. డోపమిన్ 5 మైక్రోగ్రాములు. సిరంజి పంపు. ఇచ్చిన యాంప్యూల్‌తో 50 మి.లీ. తయారుచేసి పంపు సెట్ చేయండి." యాంప్యూల్‌లో డిస్టిల్డ్ వాటర్, మీద డోపమిన్ లేబుల్ ప్రింటు అంటించాలనుకుంటున్నా. 5 నిమిషాలు సరిపోతాయా?

ఇంకోటి, అసలు క్లాసుకి ముందు మైక్రోటీచింగ్ (కొద్ది నిమిషాల పాఠంతో ఒక్క బోధనా నైపుణ్యాన్ని సాధన చేయడం) కూడా ఒకటి చూపించమన్నారు. ఏ స్కిల్ తీసుకోవాలి?

---

మార్కుల లెక్క

సరిపోవు. యాంప్యూల్ పగలగొట్టి, 45 మి.లీ. తీసి, కలిపి, లేబుల్ రాయడానికే 5 అయిపోతాయి. 45 మి.లీ. సెలైన్ ముందే నింపిన సిరంజి టేబుల్ మీద పెట్టండి. లేదా 20 రౌండ్లకి 8 నిమిషాలు చొప్పున వేసుకోండి, మారడంతో కలిపి 3 గంటలు. ముందే నింపి పెడితే "45 ఎందుకు, 50 ఎందుకు కాదు" అని ఎగ్జామినర్ ఒక ప్రశ్న అడగాలి, చెక్‌లిస్టులో ఆ 3 మార్కులు అక్కడికి మార్చండి.

ఆర్డర్‌లో "కిలోకి నిమిషానికి" ఈసారి జారిపోయింది చూసుకోండి. 5 మైక్రోగ్రాములు అంటే నిమిషానికి మొత్తం ఐదా అని ఎవరైనా అడిగితే అడిగిన పిల్లదే ఒప్పు.

---

మాత్రల డబ్బా

నీళ్ల యాంప్యూల్ మీద డోపమిన్ లేబుల్ అంటిస్తే, దాని మీద ఎర్ర అక్షరాలతో "బోధనకు మాత్రమే, మందు కాదు" అని కూడా ఉండాలి. స్టేషన్ అయిపోయాక లెక్కపెట్టి తిరిగి తీసుకోండి. 58 పెడితే 58 రావాలి, పగిలినవాటితో కలిపి. ఒక్కటి ఎప్రాన్ జేబులో వార్డుకి వెళ్లిందా, బీపీ పడిపోయిన పేషెంట్‌కి నీళ్లు ఎక్కుతాయి.

---

సూర్యారావుపేట టీచర్

మైక్రోటీచింగ్‌కి లోతుగా ప్రశ్నలడిగే నైపుణ్యం తీసుకోమ్మా. మీ పాఠానికి అదే ప్రాణం. మన దగ్గర నడిచే నమూనా 36 నిమిషాలది: 6 బోధన, 6 ఫీడ్‌బ్యాక్, 12 మళ్లీ ప్లాన్, 6 మళ్లీ బోధన, 6 మళ్లీ ఫీడ్‌బ్యాక్. ఆరు నిమిషాల్లో రెండు సిరంజిల ప్రశ్న ఒక్కటే పట్టుకోండి. "తేడా ఉంది మేడమ్" అని ఒకరంటారు, "ఎంత తేడా?" "ఏ వైపుకి తేడా?" "100 వయల్ అయితే?" "పేషెంట్‌లో ముందు ఏం కనిపిస్తుంది?" అని వరసగా. తోటి ఎమ్మెస్సీ వాళ్లే విద్యార్థినులుగా కూర్చుంటారు కాబట్టి జవాబు టక్కున చెప్పేస్తారు, ఒకరిద్దరికి కావాలని తప్పు చెప్పమని ముందే చెప్పి పెట్టండి. ఫీడ్‌బ్యాక్ షీటులో ఎన్ని ప్రశ్నలు అడిగారు, ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగారు అన్న రెండు కాలమ్స్ ఉండేలా చూసుకోండి. మూడు సెకన్లు కూడా ఆగకుండా జవాబు మీరే చెప్పేస్తే లోతుగా అడిగారని ఎవరూ ఒప్పుకోరు.